ఎత్తు రేటు

పిట్టగోడకు బిగించిన ఇనుప కొక్కేన్ని మేస్త్రి చెప్పుకాలితో తన్ని చూశాడు. కదల్లేదు. పైకి చూస్తే నిగనిగలాడుతోంది. పోయినసారి ఈ గోడకు రంగు వేసినప్పుడు కొక్కెం మొదలు చుట్టూ పుట్టీ పెట్టి, దాని మీద కూడా ఒక చెయ్యి రంగు లాగించారు. అందుకని కొక్కెం గోడలోంచి మొలిచినట్టు ఉంది.

"కట్టు తాడు" అన్నాడు.

గాలిపటం అనే పనివాడు తాడు భుజాన వేసుకునే నిలబడ్డాడు. కట్టలేదు. తాడు మీద వేలాడుతూ అటూ ఇటూ ఊగి, ఇంకొకడు రెండుసార్లు దిగాల్సిన గోడని ఒక్కసారిలో పూర్తి చేస్తాడని అతనికి ఆ పేరు పెట్టారు. అసలు పేరు మేస్త్రికి కూడా సరిగా గుర్తులేదు.

"ఈ పక్క నేను దిగను మేస్త్రీ."

"ఏం, మీ ఆవిడ వద్దందా?"

"మా ఆవిడదేముంది, నేను పడితే ఆవిడకి పండగే. ఆ కొక్కెమే వద్దంటోంది."

మిగతావాళ్లు నవ్వారు. మేస్త్రికి నవ్వే ఓపిక లేదు. బ్యాంకువాళ్లు బిల్డింగు చూడటానికి వచ్చే వారం వస్తున్నారు. ఆలోపు తూర్పు గోడ మెరవాలని బిల్డింగు కట్టిన కంపెనీ మేనేజరు రోజుకోసారి చెబుతున్నాడు. రోడ్డు మీంచి కనిపించేది ఆ గోడే.

మేస్త్రి దగ్గర పనికి ఒక పద్ధతి ఉంది. లోపలి గదులకు ఒక కూలి. బయట గోడకు, నిచ్చెన అందినంత వరకు, ఇంకొంచెం ఎక్కువ. తాడు మీద దిగేవాడికి అంతస్తును బట్టి పెరుగుతూ పోతుంది. దాన్ని ఎత్తు రేటు అంటారు. కొత్తగా చేరినవాడెవడైనా, మా ఇద్దరిదీ ఒకే బ్రష్షు కదా, వాడికెందుకు ఎక్కువ అని అడిగితే మేస్త్రి ఒకే మాట అనేవాడు: "రేటు ఎక్కువ ఇస్తున్నానంటే వాడి అందం చూసి కాదురా. పడితే మిగలడని." ఆ మాట అతనికి ఎంత ఇష్టమంటే ఇంట్లో అన్నం తినేటప్పుడు కూడా చెప్పేవాడు. భార్య విని విని విసుక్కునేది. ఆవిడ అక్క, మేస్త్రికి వదిన, మాత్రం వచ్చినప్పుడల్లా కొత్తగా విన్నట్టు నవ్వేది.

"సరే, రేటున్నర ఇస్తా" అన్నాడు మేస్త్రి.

గాలిపటం కొక్కెం వైపు చూశాడు.

"పోనీ, రెట్టింపు."

గాలిపటం తాడు భుజం మీంచి తీసి కింద పడేశాడు. "ఇందాక ఊరికే అనుమానం. రేటున్నర అన్నారు, భయం పట్టుకుంది. ఇప్పుడు రెట్టింపంటే కాళ్లు వణుకుతున్నాయి. మీరు అంతదాకా వచ్చారంటే ఆ కొక్కెం సంగతి మీకు నాకంటే బాగా తెలుసన్నమాట."

ఈసారి అందరూ పడీ పడీ నవ్వారు. మేస్త్రి కూడా నవ్వాల్సి వచ్చింది. సరే, రేపు చూద్దాం, ఇవాళ లోపలి మెట్లకి ప్రైమరు కొట్టండని చెప్పి కిందకి దిగాడు. మేనేజరు రమ్మన్నాడు.

కంపెనీ ఆఫీసు ఆ బిల్డింగులోనే కింద ఉంది. లోపల ఏసీ లోంచి నీళ్లు కారుతుంటే కింద రంగు బకెట్టు పెట్టారు. అది మేస్త్రి బకెట్టే. ఇదివరకు ఈ గదిలోకి వస్తే పింగాణీ కప్పులో టీ వచ్చేది. ఇప్పుడు కాగితం కప్పు, అదీ సగానికే.

మేనేజరు కుర్రవాడు. మేస్త్రి తలలో ఉన్నన్ని తెల్లవెంట్రుకలు అతని ఇంటిల్లిపాదికీ ఉండవు. అయినా మేస్త్రే 'సార్' అంటాడు, అతను 'నువ్వు' అంటాడు.

"మన కంపెనీలో మీ వదిన కొన్న బాండు గడువు సోమవారంతో అయిపోతోంది, చూసుకున్నావా?"

"చూసుకున్నాం సార్. కన్ను ఆపరేషనుంది. ఆ డబ్బు కోసమే ఎదురుచూస్తోంది."

"ఆపరేషనుకి మొత్తం అంతా ఎందుకయ్యా? ఇంకో మూడేళ్లకి రాయించు. పోయినసారి పదమూడున్నర శాతం. ఈసారి పదహారు." వేళ్లతో బల్ల మీద దరువు వేశాడు. "అందరికీ కాదు. మనవాళ్లకి."

"పదహారా!" అన్నాడు మేస్త్రి. ఆ నోరు తెరవడంలో సంతోషం కూడా ఉంది.

"బ్యాంకులో వేస్తే ఎంతిస్తాడు? గవర్నమెంటు బాండు కొంటే ఎంతొస్తుంది? నీకు తెలియందేముంది."

"మరి నా బిల్లు సార్? రెండు బ్లాకులవి ఆగిపోయి ఉన్నాయి. మనుషులకి కూలివ్వాలి."

"దానికే వస్తున్నా. పోయినసారి ఎలా చేసుకున్నామో ఇప్పుడూ అలాగే. ఆవిడ సంతకం నువ్వు పట్టుకురా, నీ చెక్కు నేను రాస్తా."

పోయినసారి కూడా ఇదే గది. వదిన డబ్బు కంపెనీలో పడింది. వారం తిరక్కుండా, నెలల తరబడి ఆగిన బిల్లు మేస్త్రి చేతికొచ్చింది. ఆ రెంటికీ ఏం సంబంధమని అతను అడగలేదు. అడగలేదు కాబట్టి తెలియదని, ఇన్నాళ్లూ తనకు తనే చెప్పుకుంటూ వచ్చాడు.

మేనేజరు ఇచ్చిన పొడిగింపు కాగితం మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు.

వదిన ఉండేది రెండు గదుల వాటా. ముందు గదిలో కిటికీ పక్కన కుట్టుమిషను. పనిచేసే బట్టల ఫ్యాక్టరీ మూసేశాక వచ్చిన డబ్బును ఆవిడ మొదట గవర్నమెంటు బాండ్లలో పెట్టుకుని, పాత బట్టలు సరిచేసే పని ఇంటికి తెచ్చుకుంది. మేస్త్రి వెళ్లేసరికి ఒక కోటు లోపలి అస్తరు విప్పుతోంది. బ్లేడును దారం కిందికి పోనిచ్చి, బొటనవేలితో తడుముకుంటూ ఒక్కొక్క కుట్టే తెంపుతోంది.

"రా మరిదీ. ఆ కుర్చీ వద్దు, దానికి కాలు ఊగుతోంది. మంచం మీద కూర్చో."

"చూపెలా ఉంది వదినా?"

"ఒకటి అసలు లేదు. రెండోది ఉన్నట్టు నటిస్తోంది. నిన్న నల్లకోటుకి నీలం దారంతో కుట్టి ఇచ్చేశాను. ఆ పెద్దమనిషీ చూసుకోలేదు, ఆయనకీ ఆపరేషను కావాలేమో." నవ్వింది. సూదీ దారం అతని చేతిలో పెట్టింది. "వచ్చినవాడివి ఎలాగూ వచ్చావు, ఇది ఎక్కించు."

రంగు ఎండి బిగుసుకుపోయిన వేళ్లతో మేస్త్రి సూదిలోకి దారం ఎక్కించాడు. ఆ పని చేస్తూనే, తల ఎత్తకుండా చెప్పాడు. "బాండు ఇంకో మూడేళ్లు పొడిగిస్తారట వదినా. వడ్డీ పెంచారు. పదహారు."

బ్లేడు ఆగింది.

"పెంచారా? ఎందుకు?"

"మంచి కంపెనీ కదా."

"పోయిన వడ్డీ నెలన్నర ఆలస్యంగా వచ్చింది."

"అది బ్యాంకు తిప్పలు. కంపెనీది కాదు. ఆపరేషను కూడా వడ్డీతోనే అయిపోతుంది వదినా, కొంచెం ఆగితే. అసలు ముట్టుకోనక్కర్లేదు."

కొంచెం ఆగితే అన్న మాట అతని నోట్లోంచి సాఫీగా, నూనె రాసినట్టు జారింది. వదిన అతని వైపు తల తిప్పింది. ఆవిడ ఇప్పుడు ఎవర్ని చూసినా మొహం కొంచెం పక్కకి పెట్టి చూస్తుంది, మిగిలిన కాస్త చూపూ ఆ మూలలో ఉంది కాబట్టి. అలా చూస్తుంటే ఎదుటివాడి చెవి వెనకున్నదేదో వెతుకుతున్నట్టు ఉంటుంది.

"చెల్లికి ఒంట్లో ఎలా ఉంది?" అని అడిగింది.

"బాగానే ఉంది."

"ఇల్లు గడుస్తోందా?"

"ఆఁ. గడుస్తోంది."

"సరే, ఆ కాగితం అక్కడ పెట్టి వెళ్లు. రేపు చెల్లి వస్తానంది. ఎక్కడ పెట్టాలో అది చూపిస్తే సంతకం పెడతా."

మేస్త్రి కాగితాన్ని మిషను మీద పెట్టి, ఎగిరిపోకుండా కత్తెర బరువు పెట్టాడు. మెట్లు దిగుతుంటే తేలిగ్గా అనిపించాలి. అనిపించలేదు. టీ తాగకుండా వచ్చేశానని గుర్తొచ్చింది. అడగనేలేదు, ఆవిడ.

మర్నాడు పొద్దున పనివాళ్లందరి ముందు గాలిపటం సిగ్గుపడేలా చెయ్యాలని మేస్త్రి నిర్ణయించుకున్నాడు. ఖాళీ రంగు డ్రమ్ము పైకి మోయించాడు. తాడు ఒక కొస కొక్కేనికి, రెండో కొస డ్రమ్ము చెవులకు కట్టించాడు. కింద ఇసక కుప్ప దగ్గర ఎవరూ లేకుండా తాడు అడ్డం కట్టించాడు.

"ఇందులో నీకు రెండింతల బరువు నీళ్లు పోయిస్తా. కొక్కెం ఆగితే నువ్వు మామూలు రేటుకే దిగాలి."

"ఆగకపోతే?"

"ఆగుతుంది."

"మీ నోరు చల్లగుండ" అన్నాడు గాలిపటం, గోడకి దూరంగా జరుగుతూ.

డ్రమ్మును పిట్టగోడ అవతలికి వదిలి, పైపుతో నీళ్లు పట్టారు. నీళ్ల చప్పుడు మొదట్లో డప్పులా మోగి, నిండుతున్న కొద్దీ మెత్తబడింది. సగం కూడా నిండలేదు. కిర్రుమని చప్పుడు కూడా రాలేదు. కొక్కెం పాత పన్ను ఊడినట్టు ఊడి, తాడును వెంటేసుకుని గోడ మీంచి మాయమైంది. కింద ఇసకలో దభీమని పడిన మోతకు వీధిలో వాళ్లు ఆగి పైకి చూశారు.

ఎవరూ నవ్వలేదు.

గాలిపటం వంగి కొక్కెం ఉన్న చోట వేలు పెట్టాడు. తెల్లగా, పిండి పిండిగా రాలింది. లోపల సిమెంటు లేదు. తుప్పు తినగా మిగిలిన బొక్కలో నిండా పుట్టీ కూరి ఉంది.

"ఎవరు పెట్టారు ఇది?" అన్నాడు.

పెట్టినవాడు అక్కడే ఉన్నాడు. పెట్టమన్నవాడూ అక్కడే ఉన్నాడు. చూడ్డానికి బాగుండాలి, లోపల ఎవడు చూడొచ్చాడు అని పోయినసారి ఇదే పిట్టగోడ దగ్గర నిలబడి అన్నది మేస్త్రే. ఆ రంగు ఆరిన వారానికే, వదినతో కలిసి బస్సులో ఈ వీధిన వెళ్తూ కిటికీలోంచి చూపించాడు. అప్పటికి ఆవిడకు రెండు కళ్లూ కనిపించేవి. "చూడు వదినా, ఎలా మెరుస్తోందో. ఇంత బిల్డింగు కట్టినవాళ్లు ఎక్కడికి పోతారు? గవర్నమెంటు ఇచ్చే ఆ ఏడు శాతం పట్టుకుని ఎన్నాళ్లు వేలాడతావు?" అన్నాడు. "తక్కువే మరిదీ, కానీ నిద్ర పడుతుంది" అంది ఆవిడ. అప్పుడతను నవ్వాడు. తను పూసిన మెరుపు చూసి తనే ధైర్యం తెచ్చుకున్నాడు. ఇంకొకరికి కూడా పంచాడు.

పదమూడున్నర. పదహారు. రేటున్నర. రెట్టింపు. నిన్న గాలిపటం తాడు కింద పడేసినప్పుడు తను నవ్విన నవ్వు గుర్తొచ్చి మేస్త్రికి చెవులు వేడెక్కాయి.

"ఇవాళ్టికి పని ఆపేయండి" అన్నాడు.

"కూలి?" అన్నాడు ఎవడో వెనకనుంచి.

"ఇస్తా."

అతను వదిన ఇంటికి వెళ్లేసరికి కోటు కుట్టడం అయిపోయి గోడకు వేలాడుతోంది. కాగితం మిషను మీద కత్తెర కిందే ఉంది. దాని అడుగున సంతకం గీత దాటి, కొండెక్కుతున్నట్టు పైకి పోయింది.

"చెల్లి వేలు పెట్టి చూపించింది. అయినా అటే పోయింది" అంది వదిన. "చెల్లుతుందంటావా?"

"చింపేద్దాం వదినా."

"సంతకం బాగాలేదనా?"

"కాదు. కంపెనీ... అంత బాగాలేదు."

"నిన్న మంచి కంపెనీ అన్నావు. నిన్నటికీ ఇవాళ్టికీ ఏమైంది?"

మేస్త్రి మంచం మీద కూర్చోబోయి, ఆ కాలు ఊగే కుర్చీలోనే కూర్చున్నాడు. అది ఒక పక్కకి ఒరిగింది. "ఏమీ అవలేదు. నిన్న కూడా బాగాలేదు."

వదిన దారపు ఉండను చేత్తో చుడుతూ కూర్చుంది.

"సోమవారం పొద్దున్నే పోయి లైన్లో నిలబడదాం. గడువు తీరింది, అసలు ఇచ్చేయమందాం. ముందు అడిగినవాళ్లకి ఏదో కొంత చేతిలో పడొచ్చు. ఆపరేషను వాయిదా వేయొద్దు."

"మరి నీ బిల్లు?"

ఇప్పుడు చెప్పాలి. పోయినసారి నీ డబ్బే నా బిల్లుగా నా చేతికొచ్చింది వదినా అని. మాట గొంతుదాకా వచ్చింది కూడా. "దాని సంగతి నేను చూసుకుంటా" అన్నాడు. కాగితాన్ని నిలువునా చింపి, మళ్లీ అడ్డంగా చింపి, ముక్కలు ఎక్కడ పారేయాలో తెలియక జేబులోనే పెట్టుకున్నాడు.

ఆదివారం రంగు చల్లే మిషను అమ్మేశాడు. వచ్చింది సగం కూలికే సరిపోయింది. గాలిపటం తన వాటా తీసుకుని, మడిచి నడుముకి దోపుకుంటూ, "తాడు కట్టకుండానే పడ్డారే మేస్త్రీ" అన్నాడు. అందులో వెటకారం ఎంతో, జాలి ఎంతో మేస్త్రికి తెలియలేదు. వెటకారమే అయితే బాగుండునని అనిపించింది.

సోమవారం పొద్దున వాళ్లు వెళ్లేసరికే లైను ఆఫీసు తలుపు దాటి మెట్ల కిందకి వచ్చింది. గొడుగులు, సంచులు, ఒక చంటిపిల్లతో ఉన్న ఆవిడ, మెడకి పట్టీ వేసుకున్న ఒకాయన. వదిన నల్లకళ్లద్దాలు పెట్టుకుని, మేస్త్రి మోచెయ్యి పట్టుకుని నిలబడింది. పైన తూర్పు గోడ సగం రంగుతో, కొక్కెం ఊడిన చోట నల్లటి బొక్కతో ఉంది. మేస్త్రి తల ఎత్తలేదు.

కాసేపటికి మేనేజరు బయటికి వచ్చి మెట్టు మీద నిలబడ్డాడు. ఎండ తగలకుండా చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

"ఎవరూ కంగారు పడనక్కర్లేదు. డబ్బు కావాలన్నవాళ్లకి డబ్బిస్తాం, టైము పడుతుంది. కానీ ఇవాళ, ఇప్పుడు, పొడిగించుకునేవాళ్లకి వడ్డీ పద్దెనిమిది. పక్క బల్ల దగ్గర సంతకం పెట్టి హాయిగా ఇంటికెళ్లొచ్చు."

లైనంతా గుసగుసలు. పద్దెనిమిదా, పద్దెనిమిదేనా అని వెనకవాళ్లు ముందువాళ్లని అడిగారు. మెడకి పట్టీ ఉన్నాయన లైను వదిలి పక్క బల్ల వైపు నడిచాడు. ఇంకో ఇద్దరు అతని వెనక. చంటిపిల్ల తల్లి ఎటూ తేల్చుకోలేక ఒక కాలు ఇటు, ఒక కాలు అటు వేసి నిలబడింది.

"అమ్మో, అంత ఎత్తే!" అంది వదిన, పైకే. చంటిపిల్ల తల్లి తిరిగి చూసింది.

మేనేజరు కూడా చూశాడు. చూసి, లైను మధ్యలో ఉన్న మేస్త్రిని గుర్తుపట్టాడు. మెట్లు దిగి దగ్గరికి వచ్చాడు.

"ఓహో. నువ్వు కూడానా? సంతకం పట్టుకురమ్మంటే మనిషినే పట్టుకొచ్చావు." గొంతు తగ్గించలేదు. "ఇంత నిజాయితీపరుడివి, పోయినసారి నీ బిల్లు మేము ఏ డబ్బుతో కట్టామో ఈవిడకి చెప్పావా? చెప్పు, అందరూ వింటారు. నీకు ఇవ్వడానికి మా దగ్గర లేదని మేము చెప్పాకే కదా నువ్వు ఈవిడని తీసుకొచ్చింది?"

ముందున్నవాళ్లు వెనక్కి తిరిగారు. మేస్త్రి మోచేతి మీద వదిన వేళ్లు ఉన్నాయి. అవి తీసేస్తుందని అతను ఎదురుచూశాడు. తీసేస్తే బాగుండునని కూడా అనుకున్నాడు. తన చెప్పుల మీద, వేళ్ల సందుల్లో, ఎంత కడిగినా పోని తెల్లటి రంగు చుక్కలున్నాయి. వాటినే చూస్తూ నిలబడ్డాడు.

"నాకు తెలుసులే బాబూ" అంది వదిన. "నువ్వు జరుగు, లైను కదలనీ."

మేనేజరు ఏదో అనబోయి, వెనక ఎవరో అరుస్తుంటే అటు వెళ్లిపోయాడు.

"తెలుసా?" అన్నాడు మేస్త్రి.

"బిల్లు ఆగిపోయి ఇంట్లో పొయ్యి వెలగడం లేదని చెల్లి అప్పుడే ఏడ్చింది. నువ్వు వారం తిరక్కుండా బాండు సంగతి ఎత్తావు." ఎవరి గురించో చెబుతున్నట్టు, మామూలుగా చెప్పింది. "అయినా నీ ఇంట్లో ఎన్నిసార్లు అన్నం తిన్నాను, నీ రేటు మాట ఎన్నిసార్లు విన్నాను. పదమూడున్నర ఇస్తామన్నారంటే నా అందం చూసి కాదని నాకు తెలీదా మరిదీ?"

మేస్త్రి మోసం చేశానని కొక్కెం ఊడిన దగ్గర్నుంచీ కుమిలాడు. ఆ కుమిలిపోవడంలో తను తెలివైనవాడినన్న ఊరట ఒకటి ఉండేదని ఇప్పుడు తెలిసింది. ఇప్పుడు అదీ లేదు. ఆవిడ తెలిసే ఎక్కింది, తాడు చివర తన చెల్లెలి సంసారం ఉందని చూసుకునే ఎక్కింది. తను మాత్రం కింద నిలబడి రేటు చదివాడు.

"ముందే ఒక్క మాట అనలేకపోయావా వదినా?"

"నువ్వంటావేమో అని చూశాను."

లైను రెండడుగులు కదిలింది. వదిన కాలితో మెట్టును తడుముకుని, అది దొరికాక ఎక్కింది.

"ముందు చాలామంది ఉన్నారా? నాకు కనపడటం లేదు."

"ఉన్నారు."

"మన దాకా డబ్బు వస్తుందా?"

పర్వాలేదు వదినా, తప్పకుండా వస్తుంది అన్న మాట అలవాటు కొద్దీ నాలుక చివరిదాకా వచ్చింది. మేస్త్రి తలుపు లోపలికి చూశాడు. కిటికీలో గుమాస్తా తల వంచుకుని ఉన్నాడు. అతని ముందు బల్ల మీద ఏముందో ఇక్కడికి కనిపించడం లేదు.

"తెలీదు వదినా."

వదిన అతని మోచెయ్యి పట్టును కొంచెం సర్దుకుంది.

"ఊఁ" అంది. "ఇప్పుడు సరిగ్గా చెప్పావు."